నీళ్లు లేని నుయ్యి

మ్యాపు మీద ఆ మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది గానీ, తెలుగు మాటే. నుయ్యి. దొరలనాటి మాంగనీసు గనుల మ్యాపు అది, మడతల దగ్గర చిరిగి, అంచుల్లో చెదలు తిన్నది. దాన్ని స్కాన్ చేసి, ఇప్పటి రోడ్లకూ గట్లకూ సరిపెట్టి, గనులపేట కింద సొరంగాలు ఎక్కడ ఎంత లోతున ఉన్నాయో కంప్యూటర్లో బొమ్మగా నిలబెట్టడం షీబా పని. అక్కడ కొత్త కాలనీ రాబోతోంది. కింద గుల్లగా ఉన్నచోట ఎరుపు, గట్టినేల ఉన్నచోట ఆకుపచ్చ. ఆ రంగుల్ని బట్టే ఇళ్లస్థలాలు ఇస్తారు.

"ఈ నుయ్యి ఏమిటి షీబా? మీ ఊరే కదా," అని అడిగాడు ఆఫీసులో పెద్ద ఇంజనీరు యుగంధర్. ఆయనది అనంతపురం.

"నుయ్యి అంటే బావి సార్. నీళ్ల బావి," అంది షీబా, తడుముకోకుండా.

నీళ్ల బావికీ సొరంగాలకీ సంబంధమేముంది? ఆయన తలూపాడు, ఆమె దాన్ని బొమ్మలోంచి తీసేసింది. దాని దగ్గర్నుంచి పోయే చుక్కల గీతను కూడా నీళ్లకాలవ అనుకుని తీసేసింది. కంప్యూటర్‌కేం, ఏది పెడితే అదే నిజమంటుంది. ఆ జాగా పచ్చగా వెలిగింది.

అంత తొందరగా జవాబు ఎలా వచ్చిందంటే, అది ఆమె నోట్లో ఏళ్ల తరబడి నానుతున్నదే. విజయనగరంలో కాలేజీలో చేరిన కొత్తలో, మీ తాత ఏం చేసేవారని స్నేహితురాళ్లు అడిగితే, "నీళ్ల నూతులు తవ్వించే కాంట్రాక్టరు" అని చెప్పింది. తాత కృపానిధి తవ్వించలేదు, దిగాడు. మాంగనీసు దుమ్ముతో నల్లగా పైకొచ్చేవాడు. ఇంట్లో అందరూ "నూతిలోకి దిగీవోడు" అనే అనేవాళ్లు. ఆ మాటలో సగం దాచుకుని బతకడం షీబాకు అలవాటైపోయింది. చెప్పీ చెప్పీ తన అబద్ధాన్ని తానే నమ్మేసింది.

ఆ పచ్చని జాగాలోనే లక్ష్మణమ్మకు స్థలం వచ్చింది. షీబా చిన్నప్పుడు పక్కింట్లో ఉండే అత్త. పునాదులు తీసే రోజు షీబానీ, యుగంధర్‌నీ కూడా పిలిచింది. ఒకపక్క గునపాలు పడుతుంటే, వచ్చిన ప్రతివాళ్లకీ "ఈ మేపు గీసింది మా పిల్లే" అని చెబుతోంది.

షీబాకు టీ గ్లాసు అందిస్తూ నవ్వింది. "ఏటోనే, మా మావా, మీ తాతా దిగిన నుయ్యి ఈ పక్కనెక్కడో ఉన్నాదనీవోరు. నేను కాపరానికొచ్చీసరికే పూడ్సీసినారు. నీ మేపులో లేదు కదా, ఇక్కడ కాదులే అనుకున్నాను."

షీబా గ్లాసు కింద పెట్టేసింది. దిగిన నుయ్యి. నీళ్లనూతిలోకి రోజూ ఎవడు దిగుతాడు? పుట్టినప్పట్నుంచీ విన్న మాటే ఇవాళ కొత్తగా వినబడింది. ఇప్పుడు ఊరుకుని, రేపు ఆఫీసులో గుట్టుగా సరిదిద్దితేనో? ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు ఇంకా సిగ్గేసింది. తను తీసేసిన చుక్కల గీత సొరంగమే అయితే? గుంటలో మనుషులున్నారు.

"పని ఆపీయండి. అందరూ పైకొచ్చీయండి," అంది.

గునపాలు ఆగాయి. ఒక్కొక్కరే పైకెక్కారు. యుగంధర్ దగ్గరికొచ్చి ఏమైందని అడిగాడు.

"అది నీళ్ల బావి కాదు సార్. గనిలోకి దిగే నిలువు గొయ్యి. మా ఊళ్లో దాన్నీ నుయ్యే అంటారు. మా తాత అందులో కూలీ. ఆ సంగతి చెప్పుకోడానికి సిగ్గుపడి, కాలేజీలో నీళ్ల నుయ్యని అబద్ధమాడాను. అదే మీకూ చెప్పాను."

ఆయన ఫోన్ తీసి పక్కకు వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది షీబాకు.

లక్ష్మణమ్మ ఖాళీ గ్లాసులు ఏరి బేసిన్‌లో వేస్తోంది. షీబా కూడా ఒంగి ఒక గ్లాసు తీయబోతే, వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"మా మావ కూడా దిగినాడే దాన్లోకి. మాకేటీ సిగ్గు లేదు," అంది నెమ్మదిగా. "ఇక్కడ నుయ్యి ఉన్నాదని ముసిలోల్లు సెప్తే, నేనే ఆల్ల నోరు మూయించినాను. మా పిల్లకంటే మీకు తెలుసేటని."