గుచ్చకుండా వదిలిన సుత్తి

సంతోషమ్మకు అన్నిటికన్నా పెద్ద భయం, తన పది నెలల చిన్నబ్బకు చెవులు వినబడవేమోనని.

మొగుడు పట్టాళానికి పోయినప్పటి నుంచి ఆమె చిత్తూరు మిషన్ బడిలో పియానోలు బాగుచేసే మామ మునిరత్నానికి చేతిసాయం చేస్తోంది. అయిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, పాటలు రావుగానీ సూదిపని వచ్చు. ఆడపిల్లలు పొద్దస్తమానం బాది బాది, పియానో లోపల తీగల మీద పడే సుత్తులకు చుట్టిన ఉన్ని కాలి మడమలా గట్టిపడేది. స్వరం ఇత్తడి తట్ట కిందపడినట్టు గీపెట్టేది. కర్రపిడికి దిగ్గొట్టిన మూడు సూదులతో ఆ ఉన్నిని పక్కల్లో గుచ్చి మెత్తబరచాలి. తీగకు తగిలే మొనను మాత్రం ముట్టకూడదు.

"ఊరికే దిగులు పెట్టుకోవాకు మే," అనేవాడు మునిరత్నం. "వానివి పాము చెవులు. నేను పియానో మెట్టు నొక్కితే తిరిగి సూస్తాడు."

ఆ మాట పట్టుకునే ఆమె రాత్రిళ్లు కన్ను మూసేది.

ఆ రోజు కావాలనే చిట్టచివరి సుత్తిని గుచ్చకుండా వదిలింది. బిడ్డను పరీక్షించడానికి అంత పదునైన శబ్దం ఇంకెక్కడ దొరుకుతుంది? పియానో నిలబెట్టిన చెక్క పలక మీద దుప్పటి పరిచి వాణ్ణి పడుకోబెట్టింది.

మునిరత్నం ఒక్కో మెట్టూ నొక్కుకుంటూ వచ్చినాడు. చివరిది నొక్కగానే సంతోషమ్మ పళ్లు జిల్లుమన్నాయి.

"అన్నీ ఎన్నముద్దలే," అన్నాడాయన.

"ఆ కడపటిది కూడానా మామా?"

ఆమె పెదవుల వైపు చూసి, "అదింకా మెత్తన," అన్నాడు.

ఆయన అటు తిరిగినాక వెనక నుంచి పిలిచింది. పలకలేదు. గట్టిగా పిలిచింది. గుడ్డతో చెక్క తుడుచుకుంటూనే ఉన్నాడు. నలభై ఏళ్లు ఆ గీపెట్టే సుత్తుల పక్కనే బతికిన చెవులు. మెట్టు మోగిందో లేదో తెలియని మనిషి మాటనా ఇన్నాళ్లూ నమ్మింది? ఇక బిడ్డ విన్నాడని సాక్ష్యం చెప్పేదెవరు?

తానే చివరి మెట్టు నొక్కింది. చిన్నబ్బ తల తిప్పినాడు. ప్రాణం లేచొచ్చినట్టయింది. అయినా పలక మీద అరచెయ్యి ఆనించి మళ్లీ నొక్కింది. చెక్క సన్నగా అదిరింది, చీమలు పాకినట్టు.

బిడ్డను ఒళ్లోకి తీసుకుని నొక్కింది. వాడు ఉలిక్కిపడినాడు. కానీ అప్పటికే ఆమె ఒళ్లంతా వణుకుతోంది. ఆ వణుకే వాడికి తగిలిందేమో. తన ఒంటి అదురే ముందు వాడికి తెలుస్తుంటే, తన చేతుల్లో ఇది తేలే సంగతి కాదు.

మీరెవరైనా ఆ బడి వైపు పోతే, ఒక్కసారి వాళ్లింటికి పోయి రండి. చెప్పులు వాకిట్లో విడిచి, నేల అదరకుండా, నీడ పడకుండా బిడ్డ వెనక నిలబడి "చిన్నబ్బా" అని పిలవండి. వాడు తిరిగినాడో లేదో ఆ తల్లికి చెప్పండి.