వియన్నాలో పై మంచం

అనురాధకి అరవై మూడేళ్లు. అమెరికాలోని ట్రాయ్‌లో ఒక కార్ల కంపెనీలో ఇరవై ఏడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, పోయిన డిసెంబర్‌లో రిటైరైంది. స్క్రీన్ మీద ఏముందో సరిగ్గా చదవరని డెవలపర్లని అన్నేళ్లూ సాధించిన మనిషి. రిటైరయ్యాక మొట్టమొదటి పనిగా, వియన్నాకి ఒక్కతే వెళ్లొస్తానంది. భర్త భాస్కర్‌కి ప్రయాణాలు పడవు. ఇంట్లో సోఫా ఉండగా డబ్బిచ్చి ఇంకోచోట కూర్చోవడం దేనికని ఆయన వాదన.

"హోటళ్లకి తగలేసే రకం కాదు నేను," అని, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో అందరికీ వినబడేలా చెప్పింది. "హాస్టల్ బుక్ చేశాను. ఆడవాళ్ల డార్మ్, ఆరు పడకలు. వెతకడం తెలియాలి గానీ యూరప్ అంత ఖరీదేం కాదు." అడగనివాళ్లకి కూడా ఫోన్ తీసి చూపించింది.

స్నేహితురాలు రాగిణి కళ్లజోడు పెట్టుకుని చదివింది. "ఇది అప్పర్ బంక్ కదే, అనూ."

నిజమే. అన్నిటికన్నా చవగ్గా ఉందని నొక్కేసింది. ఎందుకంత చవకో చదవలేదు.

"అయితే ఏం? ట్రైన్లో ఎన్నిసార్లు పై బెర్త్ ఎక్కలేదూ?"

"ఎక్కావు. అప్పటికి మనకింకా పెళ్లిళ్లు కాలేదు."

దాంతో పంతం వచ్చింది. శనివారం పొద్దున్న భాస్కర్‌ని వెంటబెట్టుకుని ఫర్నిచర్ షాపుకి వెళ్లింది. ఆయన్ని రిక్లైనర్ కుర్చీల దగ్గర వదిలేసి, పిల్లల సెక్షన్‌లో బంక్ బెడ్ పట్టుకుంది. పైన డైనోసార్ల దుప్పటి పరిచి ఉంది. అటూ ఇటూ చూసి, షూస్ విప్పి, నిచ్చెన ఎక్కేసింది. సులువుగానే ఎక్కింది. రాగిణికి పంపడానికి ఒక సెల్ఫీ కూడా తీసుకుంది.

దిగబోతే నిచ్చెన కాలికి తగల్లేదు. ఒక మోకాలు పరుపు మీద, రెండోది గాలిలో. ముందుకీ వెనక్కీ కాకుండా డైనోసార్ల మీద బోర్లా ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఏ టెస్టూ ఆమెని ఇలా తలకిందులు చేయలేదు.

సేల్స్ ఆవిడ వచ్చి, సాయం ఏమైనా కావాలా అని అడిగింది.

"అబ్బే, ఊరికే చూస్తున్నాను," అంది అనురాధ, అలవాటుకొద్దీ.

ఆవిడ గాలిలోని కాలిని చూసి, వెళ్లి రిక్లైనర్‌లో పడుకున్న భాస్కర్‌ని నిద్ర లేపి తీసుకొచ్చింది. ఆయన ఆమె పాదం పట్టుకుని మెట్టు మీద పెట్టాడు. "ఎడమ కాలు. ఇంకాస్త కిందకి. అది మెట్టు కాదు, నా చెయ్యి."

కార్‌లో కూర్చున్నాక అడిగాడు. "పెద్దదాన్ని, కింది మంచం ఇవ్వండి అని ఒక మెయిల్ కొట్టొచ్చుగా?"

అనురాధ కిటికీలోంచి బయటికి చూసింది. "కొన్ని హాస్టళ్లలో పెద్దవాళ్లని రానివ్వరని ఎక్కడో చదివాను. అందుకని ఫారంలో వయసు నలభై మూడని వేశాను."

"నలభై మూడా? మరి నాకెంత?"

"మీరు రావట్లేదుగా."

ఆ సాయంత్రం ఆమె మెయిల్ రాసింది. ముందు టైపింగ్ పొరపాటని రాసి, చెరిపేసి, అబద్ధం చెప్పానని రాసింది. మోకాళ్ల సంగతి చెప్పింది. ఫర్నిచర్ షాపు సంగతి చెప్పలేదు.

మర్నాడు జవాబొచ్చింది. మాకు వయసు పరిమితి లేదు, అరవై దాటినవాళ్లకి కింది మంచాలు విడిగా ఉంచుతాం, ఫారంలో మీ వయసు తక్కువుందని మీకు పై మంచాలే చూపించాం, అని రాశారు. లేదూ విడి గది కావాలంటే, పక్క వీధి స్టూడెంట్ హాస్టల్ వేసవిలో ఖాళీగా ఉంటుంది, కాస్త ఎక్కువవుతుంది, అని కూడా.

"కింది మంచం చాలు," అంది అనురాధ, భర్తకి చదివి వినిపించి. "విడి గదిలో ఏముంది? డార్మ్‌లోనైతే నలుగురితో స్నేహం అవుతుంది."

భాస్కర్ కాఫీ తాగుతూ తలూపాడు. "నీ గురక సంగతి వాళ్లకి రాశావా?"

"నేను గురక పెట్టను."

ముప్ఫై ఆరేళ్లుగా పక్కన పడుకుంటున్న మనిషి కాఫీ ముగించాడు. కప్పు తీసుకెళ్లి సింకులో పెట్టాడు. ఆయన నవ్వి ఉంటే ఆ మాట కొట్టిపారేసేది. నవ్వలేదు.

అనురాధ లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. ఈసారి ప్రతి లైనూ రెండుసార్లు చదివి, ఆ విడి గది ఇంకా ఉందా అని మెయిల్లో అడిగింది.