దర్జీ మాస్టారి పాత రిపాజిటరీ

దర్జీలు కటింగ్ నమూనాలు గీసుకునే ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌కి ప్లగిన్లు, అంటే అదనపు పనులు చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు, రాసేది దాన్ని వాడేవాళ్లే. ఎవరి కోడ్ వాళ్ల సొంత రిపాజిటరీలో, అంటే నెట్‌లో కోడ్ దాచుకునే అరలో, తలా ఒక చోట పడి ఉండేది. అన్నిటినీ ఒక్క చోటికి చేర్చే పని తలకెత్తుకున్నావిడని వాళ్ల గ్రూపులో అందరూ సర్దుళ్ల అక్క అనేవాళ్లు.

చొక్కా చేతుల కొలతలు చూసే ప్లగిన్ ఒక దర్జీ మాస్టారిది. కోడ్ రాసింది ఆయన భార్య. ఆవిడ పోయాక దాని బాగోగులు చూసేవాళ్లు లేరు.

"కోడంతా కొత్త చోటికి తెచ్చేశాను మాస్టారూ. పాతది తీసేయండి, రెండుంటే జనం తికమకపడతారు," అంది అక్క ఫోన్లో.

"నాకేం తెలుసమ్మా, నువ్వెలా చెప్తే అలాగే," అని ఆయన ఆమె చెప్పిన బటనల్లా నొక్కి పాతదాన్ని తీసేశాడు.

కొన్నాళ్లకు ఆయనే ఫోన్ చేశాడు.

"అమ్మా, మా ఆవిడ మార్పు చేసినప్పుడల్లా పక్కన ఓ ముక్క రాసేది. అప్పుడప్పుడూ తెరిచి చదువుకునేవాణ్ణి. కొత్తదాంట్లో ఎక్కడ నొక్కితే వస్తాయి?"

ఆ ముక్కలు అక్క తేలేదు. పని త్వరగా తెమిలిపోతుందని ఫైళ్లు మాత్రమే తెచ్చింది. అవి ఉండే మార్పుల చరిత్ర కూడా తేవచ్చని తెలుసు. ఎవరు చూడొచ్చారులే అనుకుంది. తీసేసినదాన్ని వెనక్కి తెచ్చుకునే గడువూ దాటిపోయింది.

గ్రూపులో అందరినీ బతిమాలితే ఒకరి దగ్గర చరిత్రతో సహా తొలినాళ్ల కాపీ దొరికింది. దాన్ని పట్టుకుని స్వయంగా కొట్టుకి వెళ్లింది. మాస్టారు ఇస్త్రీ బల్ల మీది గుడ్డలు పక్కకు నెట్టి ల్యాప్‌టాప్‌కి చోటు చేసి, ఆవిడ రాసిన ముక్కలు చదవసాగాడు.

'ఈయన చంక కొలత ఎప్పుడూ అరంగుళం ఎక్కువే చెప్తారు. అడక్కుండా తగ్గించేశాను.'

ఆయన ఫక్కున నవ్వాడు. చదువుకుంటూ కిందికి పోయాడు. ఒకచోట ఇక ఏమీ లేదు.

"ఆసుపత్రిలో ఉండి కూడా రాసిందమ్మా. అవి దీని తర్వాతవి."

"లేవు మాస్టారూ. నేనే పోగొట్టాను. నాలుగు తిట్టినా బాగుండు."

"తిడితే వస్తాయా?" ల్యాప్‌టాప్‌ని ఆమె వైపు తిప్పాడు. "గుర్తున్నవి చెప్తాను, ఎక్కిస్తావా?"

రెండు చెప్పాడు. అక్క టైపు చేసినవి చదువుకుని తల అడ్డంగా ఊపాడు. "ఇవి నా మాటల్లా ఉన్నాయమ్మా. తనవి కావు. తీసెయ్యి."

తీసేసింది. ఇంతలో ఎవరో కొలతలివ్వడానికి వస్తే ఆయన టేపు మెడలో వేసుకుని లేచాడు.

అక్క అక్కడే కూర్చుని, దొరికిన చరిత్రను కొత్తదాంట్లో కలిపింది. మిగతా ప్లగిన్లకీ ఫైళ్లే తెచ్చింది; వాటి పాత రిపాజిటరీలు ఇంకా ఉన్నాయేమోనని ఒక్కొక్కటే వెతికింది. చాలావరకు లేవు. తీసేయమని అందరికీ తనే చెప్పింది.