నోరు మూసుకుని పాడిన పాట

కూలీ చంటి మీద కేబుల్ డ్రమ్ము దొర్లినప్పుడు సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చి ముందు డ్రమ్మునే చూశాడు, సొట్ట పడిందేమోనని. నేను కళ్ళారా చూశాను. అది రెండువేల సంవత్సరం. పరదేశంలో, క్లెమెంటి అనే పేటలో గది తీసుకుని చదువుకుంటూ, ఓడల యార్డు ఆఫీసులో కంప్యూటర్లు బిగించడానికి వెళ్ళేవాణ్ణి.

మా సిక్కోలు వాళ్ళు ఇరవైమంది అక్కడ కేబుల్ లాగేవారు. ఒకడు "ఐలేసా" అంటే అన్ని చేతులూ ఒక్కసారే లాగాలి, ఒక్కసారే ఆగాలి. పాటుంటే పని దాని నడకనే సాగుతుంది. తొందరపెట్టడం ఎవడి తరమూ కాదు. అందుకే కాంట్రాక్టరు పాట మాన్పించాడు. నాలుగో రోజున కొందరు లాగారు, కొందరు వదిలారు. చంటి పోయాడు.

"పాటుంటే మావోడు బతికేవోడు బాబూ," అన్నాడు మేస్త్రీ పెద్దిరాజు. "ఇంక కూతేసినోణ్ణి ఇమానం ఎక్కించేస్తారట."

యార్డు ఊడ్చే ముసలాయన ఏమైందని అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. ఆయన పేరు చెప్పను. ఎర్రజెండా ఎగిరే దేశంలో పెద్ద సంగీతకారుడాయన. గనిలో చచ్చిన కూలీల కోసం శోకగీతం కట్టాడు. "మన రాజ్యంలో కూలీలు చావరు, దాన్ని పెళ్ళి బాణీ చెయ్యి" అంది పార్టీ. చెయ్యనన్నాడు. తొమ్మిదేళ్ళు జైలు. ఇదంతా ఆయనే నాకు చెప్పాడు.

"అబద్ధం! కార్మికుల పార్టీ అలా చెయ్యదు!" అని అరిచాను.

ఆయన విరిగి అతుక్కున్న వేళ్ళు నా ముందు పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ కూడారు. "పట్టుకునేది మాటల్ని," అన్నాడాయన వచ్చీరాని ఇంగ్లీషులో. "జైల్లో మేం పెదవి విప్పకుండా పాడేవాళ్ళం. మొదలెట్టిందెవరో కావలివాడికి దొరికేది కాదు."

చంటి కోసం అక్కడే బాణీ కట్టాడు.

"ఏడుపు పాటతో పనేటి?" అన్నాడొకడు.

"ఏడుస్తానే లాగుదాం," అన్నాడు పెద్దిరాజు.

మర్నాడు పంతొమ్మిది గొంతులు మూసిన నోళ్ళతో మోగాయి. సూపర్‌వైజర్ ఒక్కొక్క మొహంలోకీ తొంగిచూసి తిట్టుకుంటూ పోయాడు. వారం తిరిగేసరికి యార్డంతా ఆ నడకనే లాగింది.

అప్పుడు నేను చేసిన పాపం వినండి. మన దగ్గర పాట అచ్చేస్తే కింద బాణీ ఎవరిదో వెయ్యడం మర్యాద. ఆ బాణీకి మాటలు రాసి, ఆఫీసు ప్రింటర్ మీద రెండొందల కాగితాలు తీసి పంచాను. బాణీ కట్టినాయన పేరు పెద్దక్షరాలతో వేశాను. మాటలు రాసినవాడి పేరు వెయ్యలేదు. వీసా పోతుందని భయం. థూ, నా బతుకు!

కాగితం చూసి కాంట్రాక్టరు ముసలాయన పని పర్మిట్టు రద్దు చేయించాడు. సాయంత్రానికల్లా ఆయన దేశపు విమానం ఎక్కించారు. అక్కడ ఎవరు కాచుక్కూచున్నారో మాకందరికీ తెలుసు. వెళ్తూ ఆయన నన్నొకటే అడిగాడు: "పేరెందుకు వేశావు?"

మర్నాడు సూపర్‌వైజర్ కాగితం ఊపుతూ వరస ముందు నిలబడ్డాడు. "ఇది రాసిందెవడు?"

ఆఫీసు కిటికీలో నిలబడ్డ నా వైపు ఒక్కడూ చూడలేదు. సూపర్‌వైజర్ వరస చివరికి నడిచేసరికి, ఏసీ గదిలోంచి దిగి వాళ్ళ దగ్గరికెళ్ళాను. "నేనే..." అనబోయాను.

పెద్దిరాజు గ్రీజు చేత్తో నా నోరు నొక్కేశాడు. "పేరేసి ఒకణ్ణి సంపేసినారు, సాల్దా? నోర్మూసుకుని కేబులట్టుకోండి."

వరసలో చంటి చోటు ఖాళీగా ఉంది. అక్కడ నిలబడి పట్టుకున్నాను. ఎవరు మొదలెట్టారో తెలీదు. ఇరవై గొంతులూ ఒక్కసారే లేచాయి.