సున్నా వేసిన గుంట

తేలు కుట్టిన దొంగ మాదిరి తనెందుకు గమ్మునుండాల, అనుకుంటానే ఉంది ఫేబీ, విడవలూరు దాటినాక రెబెక్కమ్మ చిన్నమ్మ రొయ్యల గుంటల కాడ, మోటారు షెడ్డులో మేత బస్తా మీద కూర్చోని, ఒళ్లో లాప్‌టాప్, చేతిలో చిన్నమ్మ ఫోను, మూడు రోజులుగా ఇదే కత, రొయ్యల రైతులకని తమ కంపెనీ చేసిన యాప్‌లో గుంటల జాబితా తెరవడం, వేలితో పైకి తొయ్యడం, నాలుగు గుంటలు బాగానే వస్తాయి, ఐదోది వచ్చే లోపల యాప్ టపీమని మూసుకుపోతుంది, పదకొండింటికి మద్రాసు ఆఫీసుతో కాల్, ఆ లోపల మెయిలు పెట్టమన్నాడు టీమ్ లీడు హరినాథ్, ఏమని పెట్టాలంట, నేను సొంతంగా గీసిన సెల్స్, అదే జాబితాలో పెట్టెలు, వాటి వల్లే యాప్ కూలిపోతా ఉంది, వాటిని తీసేసేదానికి నాకు అభ్యంతరం లేదు అని, అభ్యంతరం లేదంట, ఆర్నెల్లు కళ్లు కాయలు కాసేలా కూర్చోని గీసింది ఎవురు, ఒక్కో గుంటకి ఒక్కో పెట్టె, దాంట్లో గుంట పేరు, నీళ్లలో ఉప్పు, ఎన్ని రొయ్యలకి ఎంత మేత పడిందో చూపే పచ్చ గీత, నాలుగో తరగతితో బడి మానేసిన చిన్నమ్మ కూడా ఆ గీత పొడుగు చూసి ఈ పూట మేత తగ్గించాల అంటుంది, అది తీసేసి ఉత్త అంకెలు పెడతారంట, మెయిలు పెట్టకపోతే తనని ఈ యాప్ పని నుంచే తప్పిస్తారంట, తప్పిస్తే తప్పించనీ, ఆ మెయిలు మాత్రం తన చేత్తో రాయదు గాక రాయదు.

రెడీమేడ్ సెల్ వాడమంటే విన్నావా ఫేబీ, అని నిన్న కాల్‌లో నలుగురి ముందర నవ్వినాడు హరినాథ్, ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది, పైకి పోయి కనపడకుండా పోయిన పెట్టెనే ఫోను తెచ్చి కింద ఇంకో గుంటకి వాడుకుంటుందని తనకి తెలీదా, ఒకరు తిన్న కంచం కడిగి ఇంకొకరికి పెట్టినట్టు పాత అంకెలన్నీ కడగాలని తెలీదా, కడిగింది, మూడుసార్లు కడిగింది, అది కాదు, రిపోర్టు చూస్తే పచ్చ గీత గీసేకాడ యాప్ పడిపోయిందని ఉంది, ఎందుకు పడిందో చెప్పి చావదు, పక్క గట్టు దరియావలి అన్నకి పది గుంటలున్నాయి, ఆయన ఫోన్లో బంగారం మాదిరి నడస్తా ఉంది, చిన్నమ్మ ఫోన్లోనే ఈ పీడ, ఇంతలో చిన్నమ్మే గట్టు దిగి వచ్చింది, మోకాళ్ల దాకా సున్నం, ఇంకా కాలేదామే అనింది, నీ ఐదో గుంట యాడుంది చిన్నమ్మా అని ఊరికే అడిగింది ఫేబీ, యాడికి పోద్ది, ఎదురుగానే కదా ఉండేది, పోయిన వారం రొయ్యల పట్టుబడి అయిపాయ, ఎండగట్టి సున్నం చల్లతా ఉండా, కళ్లు కనపడలా నీకు, మరి ఫోన్లో రొయ్యలు ఎన్నని వేసినావు, సున్నా వేసినా, లేకపోతే సున్నానే కదా వేసేది, దరియావలి అయితే పంట అయినాక కూడా పాత లెక్క అట్టానే వదిలేస్తాడు, నేనట్టా కాదు, లేనిది ఉందని రాసి రేపు ప్రభువుకి ఏం చెప్పేది.

ఓరి దేవుడా, సున్నా రొయ్యలు, సున్నా మేత, సున్నాని సున్నాతో భాగిస్తే గీత పొడుగు ఎంత, ఫోను మాత్రం ఏం గీస్తుంది పాపం, ఎండిన గుంట అది, గీసేదానికి ఏముంది, దొరికింది, దొరికింది, అని ఫేబీకి ఎగిరి గంతెయ్యాలనిపించింది, వెంటనే హరినాథ్‌కి ఫోన్ కొట్టి స్పీకర్లో పెట్టి చెప్పింది, ఆయన అంతా విని, అంతేనా, అయితే ఆమెని ఒక్క రొయ్య ఉందని వేయమను, కాల్ గడిచిపోద్ది అన్నాడు, చిన్నమ్మ ఊరుకుంటుందా, ఒక్క రొయ్య ఏందయ్యా, నెర్రెలు బారిన గుంటలో ఆ ఒక్కదాన్ని ఏం పోసి బతికించేది, వచ్చి నువ్వే సాకు అనింది, హరినాథ్‌కి నవ్వు రాలేదు, అసలు రొయ్యలు లేని గుంటని ఎవరైనా జాబితాలో పెట్టుకుంటారా ఫేబీ, అన్నాడు, ఆ మాట, అచ్చం ఆ మాటే, జనవరిలో కూడా అన్నాడు, ఇదే గొంతుతో.

అప్పుడు గుర్తొచ్చింది ఫేబీకి, జనవరిలో తను రాసింది, కోడ్‌లో రెండే రెండు లైన్లు, రొయ్యలు సున్నా అయితే గీత గీయొద్దు, ఎండగట్టినాం అని రాయి, అంతే, ఎందుకు రాసింది, ఈ గట్ల మీద పుట్టి పెరిగింది కాబట్టి రాసింది, పంటకీ పంటకీ నడమ గుంట ఎండాలని ఇక్కడ పసిపిల్లకి కూడా తెలుసు, ఆయన చూసి అనవసరం తీసెయ్ అన్నాడు, గుంట మొహం చూడనోడు, తను కిక్కురుమనకుండా తీసేసింది, కొత్త ఉద్యోగం, పల్లెటూరి పిల్ల ఎదురు మాట్లాడిందని అనుకుంటారని, ఛీ, తీసేసి, తీసేసిన సంగతే మరిచిపోయి, మూడు రోజులుగా కడిగిన కంచాలే కడుగుతా కూర్చుంది, హలో ఫేబీ, ఉన్నావా, మెయిలు సంగతి ఏంది అంటున్నాడు హరినాథ్, ఉండాను సార్, మెయిలు పెడతా, తీసేయమన్నది మీరు, తీసేసింది నేను, రెండూ రాస్తా, ఆ లైన్లు ఇప్పుడే మళ్లీ పెడతా ఉండా, సెల్స్ మాత్రం తియ్యను, మీరు తీసేయాలంటే పదకొండింటికి అందరి ముందర ఎందుకో చెప్పి తియ్యండి, అని లాప్‌టాప్ దగ్గరికి లాక్కోని టైపు చేస్తా ఉంది, పక్కనుంచి చిన్నమ్మ ఏమైందమ్మే, నా సున్నా వల్లనా అని దిగులుగా అడిగింది, నీ సున్నా వల్ల కాదు చిన్నమ్మా, నా సెల్ వల్లా కాదు, తెలిసిన దాన్ని తెలీనోడి మాటకి భయపడి నా చేత్తోనే తుడిచేసినా చూడు, దానివల్ల, ఇంక తుడిచేది లేదు.