ఆరు దగ్గర నిలవని నీళ్లు

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డుకు ఆనుకొని జగదీశ్వర్‌కు ఎనిమిది ఎకరాలుండేవి. భూముల ధరలు రోజుకో రకంగా ఎగిరిన ఏళ్లలో వాటిని ఒక వెంచర్ వాళ్లకు అమ్మి, ఊళ్లో మూడంతస్తుల ఇల్లు కట్టాడు. ఇల్లు పూర్తయ్యాక ఆరు నెలలు సోఫాలో కూర్చున్నాడు. ఏడో నెలలో ఆయనకు వ్యవసాయం మీద ప్రేమ పుట్టింది.

పొలం ఉన్నన్నాళ్లు ఆ ప్రేమ ఎక్కడ దాక్కుందో ఎవరికీ తెలియదు. దున్నింది, నీళ్లు కట్టింది జీతగాడు మల్లేశయ్య. కూలి ఆడవాళ్లతో పాటు వంగి కలుపు తీసింది భార్య సునంద. జగదీశ్వర్ గట్టు మీద మోటార్‌సైకిల్ ఆపి, దిగకుండానే, "ఎంతదాక వచ్చింది?" అని అడిగి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు మల్లేశయ్య అదే భూమిలో, హద్దురాళ్ల మధ్య, వెంచర్ వాచ్‌మన్‌గా కుర్చీ వేసుకొని కూర్చుంటున్నాడు.

జగదీశ్వర్ హైదరాబాద్‌లో రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చాడు. మట్టి లేకుండా నీళ్లలోనే ఆకుకూరలు పెంచే పద్ధతి అది. తిరిగొచ్చేటప్పుడు ఒక సర్టిఫికెట్టూ, వ్యాన్ నిండా తెల్ల పైపులూ తెచ్చాడు. మిద్దె మీద పైపులు నిలబెట్టించాడు. పైపులకు రంధ్రాలు, రంధ్రాల్లో చిన్న బుట్టలు, బుట్టల్లో లెట్యూస్ అనే విదేశీ ఆకుకూర నారు. కింద అరవై లీటర్ల డ్రమ్ము. ఎరువు కలిపిన నీళ్లను మోటారు పైపుల్లోకి తోస్తుంది, అవి తిరిగి డ్రమ్ములోకే వస్తాయి. సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి, పెళ్లి ఫొటోను పక్కకు జరిపి, హాల్లో తగిలించాడు.

"గీ ఆకు దేనికి?" అని సునంద అడిగింది.

"సలాడ్‌కు."

"పప్పుల ఏస్తే?"

అజ్ఞానంతో వాదించొద్దని శిక్షణలో చెప్పారో లేదో గానీ, జగదీశ్వర్ ఆమెను అలాగే చూసి పైపుల వైపు తిరిగాడు.

శిక్షణలో విన్నవాటిలో ఒక్క మాట ఆయన బుర్రలో గట్టిగా పాతుకుపోయింది: పీహెచ్. నీళ్లు పులుపు వైపున్నాయా, సున్నం వైపున్నాయా చెప్పే అంకె. అది ఆరుకు అటూ ఇటూ ఉంటేనే వేళ్లు ఎరువును తీసుకుంటాయి. బాగా పెరిగితే డ్రమ్ము నిండా ఎరువున్నా మొక్కకు పస్తే. దాన్ని కొలవడానికి పెన్నులాంటి మీటరు ఒకటి ఇచ్చారు. జగదీశ్వర్ దాన్ని చొక్కా జేబుకు పెట్టుకొని ఊళ్లో తిరిగాడు. కొత్తగా వచ్చిన డాక్టరేమో అనుకొని ఇద్దరు తమ షుగరు సంగతి కూడా చెప్పుకున్నారు.

ఇంటి బోరు నీళ్లు ఎనిమిది చూపించాయి. సీసాలోని యాసిడ్ మందు కొంచెం పోస్తే ఆరుకు దిగింది. ఆయన ఆ అంకెను ఫొటో తీసి స్టేటస్ పెట్టాడు. మర్నాడు పొద్దున చూస్తే ఏడున్నర. మళ్లీ పోశాడు, ఆరు. మర్నాడు ఏడు దాటి ఎనిమిది వైపు నడుస్తోంది. ఒకరోజు కోపంతో ఎక్కువ పోస్తే నాలుగుకు పడిపోయింది. అప్పుడు పైకి లేపే మందు పోశాడు. అది ఎనిమిదిన్నరకు ఎగిరింది. ఉన్నదే కాసిన్ని నీళ్లు. ఏది పోసినా ఈ చివరి నుంచి ఆ చివరికి దూకుతోంది.

"ఆ బోరు నీళ్లల్ల కందిపప్పే ఉడకది," అంది సునంద మెట్ల మీద నుంచే. "వంటకు నేను నల్లా నీళ్లే పడత. మొక్కలకు గూడ గవే పొయ్యరాదు?"

"ఇది సైన్సు. నీకు సమజ్ గాదు."

"సరే. సైన్సుకు నీళ్లు అక్కర్లేదేమో."

సునంద కిందికి దిగింది. దిగుతూ, మిగిలిపోయిన నారులోంచి పన్నెండు మొక్కలు తెచ్చుకుంది. మొదటి అంతస్తు బాల్కనీలో నల్లా నీళ్లు మోసుకొచ్చి నింపుకునే రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ము ఉంది. దాని మీద థర్మకోల్ ముక్క పరిచి, రంధ్రాలు చేసి, మొక్కలను దించింది. ఎరువు పాకెట్ మీద రాసినంతే కలిపింది. పైపులతో పాటు వచ్చిన రంగు కాగితాల పొట్లం ఒకటుంది. నీళ్లలో ముంచితే రంగును బట్టి పీహెచ్ తెలుస్తుంది. అవి చిన్నపిల్లల ఆటవస్తువులని జగదీశ్వర్ మూలకు విసిరేశాడు. ఆమె వాటితోనే చూసుకుంటూ యాసిడ్ మందు చెంచాతో పోసింది. రెండు రోజులాగి చూసింది. ఇంకో అర చెంచా పోసి ఊరుకుంది.

రెండు వారాలకు వెంచర్ ఏజెంట్ ధర్మేందర్ వచ్చాడు.

"అన్నా, వచ్చే ఆయితారం సిటీ నుంచి బస్సు నిండ కస్టమర్లు వస్తున్రు. ప్లాట్లు చూపించినంక మీ మిద్దెకు తోల్కొస్త. మన వెంచర్ల ఇల్లు కట్టుకుంటే గిట్ల పండించుకోవచ్చని నువ్వు చెప్పాలె. మస్తు పేరొస్తది."

"తీస్కరా. ఫికర్ చెయ్యకు," అన్నాడు జగదీశ్వర్. ఆ క్షణానికి మిద్దె మీద కొత్త ఆకులన్నీ పసుపు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. పైపులు అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే ఇంకో సీసా మందు పంపుతామన్నారు.

గురువారం మీటరు ఏడున్నర దగ్గర మొరాయించింది. ఎంత మందు పోసినా ఏడున్నరే. దాని కొనను తడిగా ఉంచాలని, అప్పుడప్పుడు సరిచూసుకోవాలని చెప్పే కాగితం డబ్బాలోనే మడత విప్పకుండా ఉంది. ఆయన మాత్రం కొలిచిన ప్రతిసారీ కండువాతో మెరిసేలా తుడిచి జేబులో పెట్టుకున్నాడు. అంకె దిగకపోయేసరికి పౌరుషం వచ్చి సీసా మొత్తం ఒంపేశాడు.

శుక్రవారం పొద్దున మొక్కలన్నీ తలలు వాల్చేశాయి. వేళ్లు టీ రంగుకు తిరిగాయి. సునంద పైకొచ్చి రంగు కాగితం డ్రమ్ములో ముంచింది. అది ఎర్రగా మారింది.

"మూడు. నిమ్మకాయ రసం లెక్కున్నది."

"మీటర్ ఏడున్నర అంటున్నది!"

"అయితే మొక్కలెందుకు సచ్చినయో దాన్నే అడుగు."

జగదీశ్వర్ మీటరునేమీ అడగలేదు. చచ్చిన మొక్కలను గోనెసంచిలో కుక్కాడు. శనివారం కారేసుకొని హైదరాబాద్‌లో పెద్ద కూరగాయల షాపుకు వెళ్లి, వేళ్లతో సహా అమ్మే లెట్యూస్ ఉన్నదంతా కొన్నాడు. సాయంత్రం వాటిని పైపుల బుట్టల్లో దించి, మల్లేశయ్యను పిలిపించి, సంచిని ఎక్కడైనా పారేయమన్నాడు. మల్లేశయ్య బుట్టల్లో నిగనిగలాడుతున్న ఆకులను చూశాడు, సంచిలోకి చూశాడు.

"పటేలా, ముప్పై ఏండ్లు చేసిన గని, పొద్దుగాల ఏస్తె పొద్దుమీకి చేతికొచ్చే పంట సూడలే," అన్నాడు. "గీ ఇత్తనం ముందే దొరికితే భూమి అమ్మకపోదుము."

"నోరు మూస్కొని పో."

మల్లేశయ్య సంచి భుజానికెత్తుకొని నవ్వుకుంటూ వెళ్లాడు.

ఆదివారం పదకొండింటికి బస్సు వచ్చింది. ధర్మేందర్ మైకు పట్టుకొచ్చాడు. జగదీశ్వర్ ఇస్త్రీ చొక్కాలో, మట్టితో రైతు పడిన బాధల గురించి, మట్టి వదిలేశాక తాను పొందిన ఆనందం గురించి పావుగంట మాట్లాడాడు. జనం పైపుల పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. రుక్మాబాయి అనే రిటైర్డ్ టీచరమ్మ మాత్రం మోకాళ్ల నొప్పికి మొదటి అంతస్తులోనే ఆగిపోయింది. సునంద ఆమెకు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. బాల్కనీలో నీలం డ్రమ్ము మీద పన్నెండు లెట్యూస్‌లు గంపల్లా విచ్చుకొని ఉన్నాయి.

"ఇవెవరు పెంచిన్రమ్మా?"

"నేనే."

"నేను గూడ ఇంట్ల పెట్టిన. పీహెచ్ నిలుస్తలేదు. ఎంత దించినా తెల్లారేసరికి ఎక్కుతది."

"బోరు నీళ్లా అక్కా?"

"అవ్."

"అండ్లనే ఉన్నది. బోరు నీళ్లల్ల సున్నం. మందు పోస్తే అప్పటికి దిగుతది, సున్నం మళ్ల పైకి గుంజుతది. నల్లా నీళ్లో వాన నీళ్లో పట్టు. డ్రమ్ము పెద్దది పెట్టు. ఎక్కువ నీళ్లుంటే అంకె ఊకె దుంకది. మందు జరంత పోసి రెండు రోజులు ఆగు. ఆగుడే కష్టం, మగోళ్లకు మరీ."

రుక్మాబాయి పకపకా నవ్వి, పైనున్న తన వాళ్లను కేకేసి పిలిచింది. సరిగ్గా అప్పుడే పైన ఒకాయన ఆకును మెచ్చుకుంటూ బుట్ట ఎత్తాడు. మొక్క వేళ్లకు రబ్బరు బ్యాండు, దానికి షాపు చీటీ. ఆయన చీటీ మీది తేదీని బిగ్గరగా చదివాడు. ఇంకొకాయన ఇంకో బుట్ట ఎత్తాడు. దానికీ ఉంది.

ధర్మేందర్ కనురెప్ప కూడా వాల్చలేదు. "గిది మార్కెట్ మోడల్! ఇప్పుడు హోమ్ మోడల్ చూద్దాం, కిందికి నడవున్రి!" అని మైకులో అరిచి, అందరికంటే ముందు తానే మెట్లు దిగాడు. జనం వెంట మైకు వైరు కూడా బరబరా దిగిపోయింది. మిద్దె మీద జగదీశ్వర్, మోటారు చప్పుడు మిగిలారు. కింద సునంద మాట్లాడుతోంది, జనం ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తున్నారు. దిగి వెళ్లాలంటే ఆయనకు మొహం చెల్లలేదు. బస్సు కదిలేదాకా నీళ్ల ట్యాంకు నీడలో నిలబడ్డాడు.

అందరూ వెళ్లాక కిందికి వచ్చి, ఆ నీలం డ్రమ్ము చుట్టూ తిరిగి చూశాడు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. పప్పు ఉడకదన్న. నీకు సమజ్ గాదన్నవ్."

ఆయన మొక్క ఒకటి ఎత్తి వేళ్లు చూశాడు. పాలలా తెల్లగా ఉన్నాయి. మొదటిసారిగా ఆయన ముఖంలో నిజంగా ఏదో తెలుసుకోవాలన్న ఆశ కనిపించింది. సునంద దాన్ని గమనించింది, జాలిపడింది కూడా. కానీ పని విషయంలో జాలి చూపించే మనిషి కాదు.

వారం తిరిగేసరికి మిద్దె మీదికి పెద్ద డ్రమ్ము వచ్చింది. లెట్యూస్ పోయి పాలకూర, కొత్తిమీర వచ్చాయి. నల్లా రోజు విడిచి రోజు గంటసేపే వస్తుంది, అదీ వాకిట్లోనే, సన్నటి ధార. అక్కడి నుంచి మూడంతస్తులు మెట్లెక్కి బిందెలతో నీళ్లు చేరవేయడం జగదీశ్వర్ వంతు. పీహెచ్ చూడటం, మందు పోయడం సునంద వంతు.

ధర్మేందర్ మళ్లీ ఫోన్ చేసి, ఇంకో బస్సు వస్తోందని, అన్నను తయారుగా ఉండమని చెప్పాడు. ఫోన్ ఎత్తింది సునంద.

"మీ అన్న ఖాళీ లేడు, నీళ్లు మోస్తున్నడు," అంది. "నాతోని మాట్లాడాలంటే పది గంటలకు రా. వచ్చేటప్పుడు ఆయనకు నడుముకు పెట్టుకునే బెల్టు ఒకటి పట్కరా."