తేలు పచ్చబొట్టు

నాచారంలోని తమ ఇంటి హాల్లో, ఆపేసిన టీవీనే జడ్జి అనుకుని మానస గొంతు సవరించుకుంది. లా కాలేజీల మూట్ కోర్టు, అంటే ఉత్తుత్తి కోర్టు పోటీ, మర్నాడే ఉప్పల్‌లో. గెలిస్తే ఢిల్లీ పంపిస్తారు. కేసు కల్పితం: యుద్ధంలో ఉన్న ఒక దేశం, శత్రుదేశస్థుల్ని వెళ్లగొట్టే పాత చట్టాన్ని బయటికి తీసి ఓ యువకుణ్ని, శత్రుముఠా మనిషంటూ, దేశం నుంచి పంపేయబోతోంది. చీటీల్లో మానసకు ప్రభుత్వ పక్షం వచ్చింది.

"అతని ముంజేతి మీద తేలు పచ్చబొట్టుంది. శత్రుముఠా గుర్తు అదే. ఇంతకన్నా సాక్ష్యం కావాలా?"

సోఫాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న నాయనమ్మ శారదమ్మ చేతులు ఆగాయి. గాజులు పైకి జరిపి చేయి చాపింది. ముడతల్లో కాస్త వంకరపోయిన తేలు.

"అయితే నన్నేడికి తోలుతవే బిడ్డా?"

టీ తాగుతున్న నాన్న నరేందర్‌కు పొలమారింది. "ముఠాకు లీడరువు నువ్వేనా అమ్మా? నాకెన్నడు చెప్పకపోతివి!"

"నవ్వు, నవ్వు. జాతరల పచ్చబొట్లు పొడిసే ఆమెకు రెండే బొమ్మలొచ్చు. తేలు, తులసికోట. మా ఊరి ఆడోళ్లల్ల సగంమందికి గిదే ఉంటది. అందర్నీ తోలుతరా?"

"అది వేరే నాయనమ్మా," అంది మానస. టీవీ వైపు తిరిగి వాదన మళ్లీ మొదటినుంచి అందుకుంది.

మర్నాడు శారదమ్మ పట్టుబట్టి షేర్ ఆటో ఎక్కి వచ్చి, ముందు వరుసలోనే కూర్చుంది. జడ్జి స్థానంలో సీనియర్ లాయరు శ్యామలాదేవి. యుద్ధం ఉందని, చట్టం ఉందని మానస తడుముకోకుండా వాదించింది.

"అధికారం ఉందనే అనుకుందాం. ఇతను ఆ ముఠావాడనడానికి సాక్ష్యం?" అడిగింది శ్యామలాదేవి.

"పచ్చబొట్టు మేడమ్."

"అది ముఠావాళ్లకే ఉంటుందా?"

అవునంటే సరిపోయేది. ఎదుటి పక్షం అమ్మాయికి ఆ సంగతి తట్టనేలేదు. కానీ ముందు వరుసలో నాయనమ్మ, కొంగు సర్దుకుంటున్నట్టే, చేయి వెల్లకిలా తిప్పి ఒళ్లో పెట్టుకుంది.

మానసకు నవ్వాగలేదు. "లేదు మేడమ్. మా ఇంట్లోనే ఒకరికి ఉంది."

హాలంతా గొల్లుమంది. అధికారం ఎంత పెద్దదైనా మనిషిని పంపేముందు సాక్ష్యం చూపాలని, పచ్చబొట్టొక్కటీ చాలదని తీర్పు వచ్చింది. ఢిల్లీ ఎదుటి పక్షానికి పోయింది.

బయట మిర్చి బజ్జీల బండి దగ్గర శారదమ్మ మనవరాలి మొహంలోకి చూసింది. "ఓడినవా?"

"నీ దయ."

"మరి గా పిలగాడు?"

"అట్లాంటోడు లేనే లేడు నాయనమ్మా. కట్టుకథ."

"లేకుంటె లేకపాయె. ఉండనిచ్చిన్రా, లేదా?"

"ఉండనిచ్చిన్రు."

"గదీ! ఇంకో ప్లేటు చెప్పు బిడ్డా."